హనుమకొండలో వాన, లాడ్జి గొడవ, వేడి సర్వపిండి

రామప్ప చూడాలని మంచిర్యాల నుంచి బయలుదేరి, ఆ రాత్రికి హనుమకొండలో ఆగాం. నేను, నా భార్య, అత్తమ్మ, మా చిన్నది. రైలు కాజీపేట చేరేసరికి బాగా ఆలస్యమైంది, బయట కుండపోత వాన. ఆటోకు 350 ఇచ్చాం. అంత వానలో వచ్చాడు, ఇచ్చినందుకు బాధ లేదు. నా కోపమంతా లాడ్జి మీదే.

1,600 కట్టి ముందే ఆన్‌లైన్‌లో గది తీసుకున్నాను. నలుగురమని అందులోనే ఉంది. కౌంటర్ దగ్గర మనిషి మాత్రం "ఆ రేటు ఇద్దరికే సార్, మిగతా ఇద్దరికి తలా 300" అన్నాడు. ఫోన్ తీసి చూపిస్తే "మాకు అట్ల రాలేదు" అని ఒకటే మాట. చిన్నది వణుకుతోంది, అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్ల మీదే కూలబడింది. అట్లా తడిసి వచ్చినవాళ్లు ఇంకో లాడ్జి వెతుక్కోలేరని వాళ్లకు తెలుసు. 600 కట్టాను. రసీదు పొద్దున ఇస్తామన్నారు, ఇవ్వనేలేదు. కిటికీ తలుపు పడదు, జల్లంతా పరుపు మీదే. గీజర్ పనిచేయదు, బకెట్ వేడినీళ్లకు 40. రాత్రి తొమ్మిదికి దిగిన మమ్మల్ని పొద్దున ఏడున్నరకే తలుపు బాది లేపి, ఎనిమిదికి ఖాళీ చేయమన్నారు! ఇక్కడ దిగేవాళ్లు డబ్బు కట్టకముందే గది చూడండి, చెకౌట్ ఎన్నింటికో రసీదు మీద రాయించుకోండి.

ఆ రాత్రి నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. కింద హోటల్లో వంట అయిపోయిందన్నారు. గొడుగు పట్టుకుని సందులోకి నడిస్తే, ఒక ఇంటి అరుగు మీద పొయ్యి వెలుగుతోంది. ఒక అవ్వ సర్వపిండి చేస్తోంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం. పిండిని గంజు (లోతు గిన్నె) లోపల పలచగా ఒత్తి, వేలితో గుంటలు పెట్టి, గుంటగుంటకూ నూనె వేసి మూత పెట్టింది. వేడి గంజులో పిండి ఒత్తలేం, చేయి కాలుతుంది. అందుకే రెండు గంజులు పెట్టుకుంది. ఒకటి పొయ్యి మీద, రెండోది చూరు నీళ్ల కింద చల్లారుతూ. ఒక్కోటి 40. "కూసోండ్రి బిడ్డా, తొందరపడితే అడుగు ఎర్రగ కాదు" అంది. ఆ ఎర్రటి అడుగు కరకరలాడుతుంటే, పైభాగం మెత్తగా, ఘాటుగా ఉంది. అత్తమ్మ రెండు తిని, మా ఊరి గిన్నెప్ప (సర్వపిండికి మా వైపు పేరు) కంటే బాగుందని ఒప్పుకుంది. అదీ పెద్ద మాటే. తర్వాత అల్లం దంచి వేసిన మక్క గారెలు, ప్లేటు 50. చివరి గారె నా భార్య నా ప్లేట్లో వేసింది.

మర్నాడు భద్రకాళి గుడి, 1163 నాటి వేయిస్తంభాల గుడి హాయిగా చూశాం.

రామప్పకు ములుగు వైపు బస్సు ఎక్కి జంగాలపల్లి దగ్గర దిగాం, అక్కడి నుంచి ఆటో. మహాలక్ష్మి పథకం వల్ల తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, ఆధార్ కార్డు మరవొద్దు. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తడిసిన నల్లరాతి మదనికల (ఆడ శిల్పాల) నగలు కూడా స్పష్టంగా కనబడ్డాయి. ఎండలో వెళ్లిన వాళ్లకు ఆ మెరుపు దొరకదు. హనుమకొండలో పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. రైలు రాత్రికి కుదిరితే లాడ్జి జోలికే పోవద్దు.