వాడిన రామ్ 2500, ఎఫ్-250: రెండిట్లో ఏది కొనాలి?

డాలస్‌కి ఉత్తరాన మాకు చిన్న ఫామ్ ఉంది. గడ్డి, ఆవుల ట్రైలర్ లాగడానికి 2015 మోడల్ డీజిల్ పికప్ ట్రక్కులు రెండు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం: రామ్ 2500, ఫోర్డ్ ఎఫ్-250. ఏళ్ల తరబడి రెండింటితోనూ ఒకే పని చేయిస్తున్నాం.

రెండూ 6.7 లీటర్ల ఇంజిన్లే. లెక్కల్లో ఫోర్డ్‌దే పైచేయి: 440 హార్స్‌పవర్, 860 పౌండ్-ఫీట్ల టార్క్ (చక్రాల్ని తిప్పే బలం). ఆటోమేటిక్ రామ్‌కి 370, 800. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. దిగేటప్పుడు మాత్రం రామ్ ఎగ్జాస్ట్ బ్రేక్‌కి (పొగ గొట్టాన్ని బిగించి ఇంజిన్‌తోనే బండిని నెమ్మదింపజేసేది) సాటి లేదు. వెనక ఆవులు నిలబడి ఉన్నప్పుడు ఆ కుదుపు లేని నెమ్మదే నాకు కావాలి.

రామ్‌లోని కమిన్స్ కంపెనీ ఇంజిన్‌కి ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి, పక్కన చెయ్యి దూరేంత చోటుంటుంది. ఫోర్డ్ వీ8లో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) రెండు సిలిండర్ల వరసల మధ్య ఇరుక్కుని ఉంటుంది. పెద్ద రిపేరొస్తే చాలామంది మెకానిక్‌లు క్యాబ్‌నే పైకెత్తేస్తారు, లేబర్ బిల్లు తడిసి మోపెడవుతుంది. గేర్‌బాక్స్ విషయంలో మాత్రం ఫోర్డ్‌దే గట్టిది. రామ్‌లోని 68ఆర్‌ఎఫ్‌ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బరువులకి త్వరగా అలిసిపోతుందని పేరు. కొనేముందు ట్రైలర్ తగిలించే నడిపి చూడండి; గేరు జారినట్టు అనిపిస్తే బేరమే వద్దు.

ఫోర్డ్‌లో అసలు భయం సీపీ4 ఫ్యూయల్ పంపు. డీజిల్‌లో నీళ్లు చేరితే పంపు లోపలే అరిగి, ఆ ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. ఇక మొత్తం సిస్టమ్ మార్చాల్సిందే, వేల డాలర్ల ఖర్చు. ఆ ఏడాది రామ్‌లో ఉన్నది సీపీ3 అనే పంపు, దానికి ఈ బెంగ తక్కువ. అందుకే ఫోర్డ్ కింద, డ్రైవర్ వైపున్న వాటర్ సెపరేటర్ (డీజిల్‌లోంచి నీళ్లు వేరుచేసేది) డ్రెయిన్ తిప్పి, వచ్చింది గాజు సీసాలో పడతాను. కాసేపు ఆగితే నీళ్లు అడుక్కి దిగి, పైన డీజిల్ విడిగా తేలుతుంది. నీళ్లు కనిపించాయంటే ఆ బంకులో మళ్లీ పోయించను.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) పీకేసిన బండి చవగ్గా వస్తోందని ఆశపడకండి, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. 2013-19 రామ్‌ల ఉద్గారాల కేసులో కమిన్స్ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది. ఆ రీకాల్ పని పూర్తయిందో లేదో విన్ నంబర్‌తో (ఒక్కో బండికి ఉండే గుర్తింపు నంబర్) చూసుకోండి.

ఒక్కటే ఉంచుకోమంటే నేను రామ్‌నే ఉంచుకుంటాను. రోజూ హైవే మీద దూరాలు తిరిగేవాళ్లకి ఫోర్డ్ మేలు, ఫ్యూయల్ ఫిల్టర్లు వేళకి మార్చినట్టు రసీదులుంటేనే.