అరవై ఎనిమిదేళ్ల చేతిలో వాట్సాప్

ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించిన తరువాత నేనూ మా ఆవిడా నెల్లూరు మూలాపేటలో స్థిరపడ్డాం. అబ్బాయి కుటుంబం అమెరికాలోని డల్లాస్‌లోనూ, అమ్మాయి హైదరాబాదులోనూ ఉంటున్నారు. మా పెద్దక్కయ్య కనిగిరికి దగ్గరలోని పల్లెను విడిచి రానంటుంది. కావలి జవహర్ భారతి కళాశాలలో నాతో చదివిన మిత్రులు చెన్నై నుంచి విశాఖ దాకా చెదిరిపోయి ఉన్నారు. వీళ్లందరితో నా రాకపోకలు, మాటామంతీ ఇప్పుడు ఎక్కువగా వాట్సాప్ ద్వారానే సాగుతున్నాయి కనుక, ఐదేళ్లుగా దానిని రోజూ వాడుతున్న వృద్ధుడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: వాయిస్ మెసేజికి పదికి తొమ్మిది మార్కులు, వీడియో కాలుకు ఆరు, గ్రూపులకు మూడు. ఆ మూడు కూడా గ్రేసు మార్కులు కలిపితే వచ్చినవే.

వాట్సాప్ 2009లో మొదలైంది, గొంతును పంపే సదుపాయం 2013లో వచ్చింది. నాకు మాత్రం దాని విలువ మా అక్కయ్య వల్ల తెలిసింది. డెబ్బై నాలుగేళ్ల ఆమెకు కంటిచూపు తగ్గింది, చిన్న అక్షరాలు కనపడవు. ఫోను చేస్తే ఆ సమయానికి ఆమె పెరట్లోనో, పూజలోనో, నిద్రలోనో ఉంటుంది. ఎత్తినా ఎదుటివారికి బిల్లు పెరుగుతుందన్న ఎస్టీడీ బూతుల కాలపు భయం ఇంకా పోలేదు కనుక రెండు నిమిషాల్లో "ఉంటాను మరి" అని పెట్టేస్తుంది. ఆమె మనవడు ఆ చిన్న మైకు గుర్తును చూపించి, దానిని అదిమి పట్టుకుని మాట్లాడి వదిలితే చాలని నేర్పాడు. ఆ సాయంత్రం నాకు వచ్చిన మొదటి మెసేజి ఇలా మొదలైంది: "చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీర్వదించి చెప్పునది ఏమనగా, మేమంతా ఇక్కడ క్షేమం, మీరంతా అక్కడ క్షేమమని తలుస్తాను." నలభై ఏళ్ల క్రితం ఇన్‌లాండ్ లెటరు మీద రాసిన వాక్యాన్నే ఆమె ఫోనుకు వినిపించింది. ఆ తరువాత ఊపిరి తీసుకుని అసలు గొంతుతో, "ఎట్టా ఉండావు అబ్బయ్యా? మోకాళ్లకు ఆ తైలం పూస్తుండావా లేదా?" అని అడిగింది. వెనక కుక్కరు విజిల్, ఎవరో గేటు తీసిన చప్పుడు, కోడి కూత అన్నీ ఉన్నాయి. ఉత్తరంలో ఇవి వచ్చేవి కావు.

ఉత్తరానికి ఉన్న గుణమే దీనికీ ఉంది. చెప్పేవారు తమకు తీరిక ఉన్నప్పుడు చెబుతారు, వినేవారు తమకు తీరిక ఉన్నప్పుడు వింటారు. డల్లాస్‌కూ మనకూ మార్చి నుంచి నవంబరు ఆరంభం దాకా పదిన్నర గంటలు, మిగతా కాలంలో పదకొండున్నర గంటలు తేడా. వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ ఉదయం తొమ్మిదిన్నర, అబ్బాయి ఆఫీసులో ఉంటాడు. ఇక్కడ తెల్లవారుజామున ఆరైతే అక్కడ ముందురోజు సాయంత్రం ఏడున్నర, కోడలు పిల్లలకు అన్నం పెడుతూ ఉంటుంది. ఇద్దరికీ కుదిరే వేళ కోసం ఎదురుచూస్తే వారాలు గడిచిపోతాయి. ఇప్పుడు నేను ఉదయపు నడకలో పెన్నా వంతెన మీద ఆగి నాలుగు మాటలు చెబుతాను, వాడు కారు నడుపుతూ వింటాడు, రాత్రికి బదులిస్తాడు.

ఈ సదుపాయంలో మరో రెండు విశేషాలున్నాయి. అవతలివారు వినగానే మైకు గుర్తు నీలంగా మారుతుంది. సాధారణ సందేశాలకు నీలం టిక్కులు రాకుండా ఆపుకోవచ్చు గానీ వాయిస్ విన్న గుర్తును ఆపే వీలు లేదు. యువతకు ఇది ఇబ్బందిగా తోచవచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవారికి మాత్రం, తమ మాట చేరిందో లేదో అన్న బెంగ తీరుతుంది. రెండవది, వస్తున్న మెసేజిని మీట నొక్కి ఫోనును చెవికి ఆనించుకుంటే శబ్దం స్పీకరులో కాక చెవి దగ్గరే వినిపిస్తుంది కనుక బస్సులోనూ, ఆసుపత్రి వరండాలోనూ ఇంటి గుట్టు బయటపడదు. లోపమూ ఒకటుంది. ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగం పెంచుకునే మీట పెట్టారు. నా వయసు వారికి కావలసింది నెమ్మదించే మీట. మనవరాలి తెలుగు మొదలే అమెరికా వేగంతో పరుగెడుతుంది.

వీడియో కాలు 2016లో వచ్చింది, ఇప్పుడు ఒకేసారి 32 మంది దాకా కలిసి మాట్లాడవచ్చు. మాట్లాడవచ్చు అన్నాను గానీ, మా ఇంటి అనుభవంలో అది ఒకరి నుదురు, ఒకరి సీలింగు ఫ్యాను, మా అక్కయ్య కుడి చెవి చూడటంతో ముగుస్తుంది. ఉగాది, సంక్రాంతి రోజుల్లో పిల్లలు కొత్త బట్టలు చూపించడానికి, పురిటి గదిలో పసిబిడ్డను చూడటానికి దానికి సాటి లేదు. రోజూ వాడితే మాత్రం అందరూ బాగా కనిపించాలన్న ఆరాటంలో చెప్పాలనుకున్నది మిగిలిపోతుంది.

ఇక గ్రూపులు. మా కళాశాల మిత్రుల గ్రూపు మొదలైన నెలలో దాదాపు అరవై మందిమి చేరాం. హాస్టలు రోజులు, కావలి రైల్వే స్టేషనులో రైలు కోసం కాచుకున్న పొద్దులు, చేపల పులుసులో మామిడికాయ వేసిన ఇల్లెవరిది అన్న వాదన, అన్నీ రెండు వారాలు సాగాయి. మూడవ వారం నుంచి గులాబీ పువ్వు మీద "శుభోదయం" తప్ప మరేదీ రావడం లేదు. ఒక మిత్రుడు పోయిన రోజున "ఓం శాంతి" అన్న మాట నలభై సార్లు వచ్చింది. అతని ఇంటికి ఫోను చేసినవారు ముగ్గురు. గ్రూపులో పలకరించాం కదా అన్న తృప్తి అసలు పలకరింపును మింగేస్తుంది, మూడు మార్కులు ఇవ్వడానికి నా కారణం అదే. పువ్వుల బొమ్మలతో నా ఫోను నిండిపోయి అక్కయ్య మెసేజి తెరుచుకోని రోజు కూడా వచ్చింది. సెట్టింగులలో స్టోరేజి విభాగానికి వెళ్లి, ఫొటోలూ వీడియోలూ వాటంతట అవే దిగకుండా ఆపుకున్న తరువాత నెమ్మదించింది. గ్రూపును మ్యూటులో పెట్టడం స్నేహద్రోహం కాదు.

భద్రత గురించి ఒక మాట చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. మా మిత్రుడొకరి ఖాతాను ఎవరో చేజిక్కించుకుని, ఆసుపత్రిలో ఉన్నాను, వెంటనే ఇరవై వేలు పంపమని మాకందరికీ సందేశం పంపారు. ఒకరు తెలివిగా, "మన లెక్కల మాస్టారికి మనం పెట్టిన పేరేమిటో నీ గొంతుతో చెప్పరా" అని అడిగితే అవతల మౌనం. ఇప్పుడు గొంతును కూడా అనుకరించే యంత్రాలు వచ్చాయి కనుక గొంతు ఒక్కటే చాలదు, మాస్టారి మారుపేరు లాంటిది కూడా అడగాలి. ఫోనుకు వచ్చే ఆరంకెల కోడును ఎవరికీ చెప్పకూడదు, రెండంచెల ధ్రువీకరణ, అంటే ఆ కోడుకు తోడు మనమే ఎంచుకునే మరో రహస్య సంఖ్య, పెట్టుకోవాలి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.

అమ్మానాన్నలకు వాట్సాప్ నేర్పాలనుకునే పిల్లలకు నా సలహా, మొదటిరోజే అన్నీ చూపించవద్దు. తెలుగు భాషను ఎంచి, చాట్ అక్షరాలను పెద్దవి చేసి, ఎక్కువగా మాట్లాడే ముగ్గురిని పైన పిన్ చేసి, మైకు గుర్తు ఒక్కటి నేర్పి వదిలేయండి. పొరపాటున పంపినదానిని అందరికీ కనపడకుండా తొలగించే పద్ధతి కూడా రెండవ రోజే నేర్పడం మంచిది, ఎందుకంటే దానికి గడువు రెండు రోజుల పైచిలుకే, పైగా తొలగించినట్టు ఒక గుర్తు అక్కడే మిగిలిపోతుంది. మా అక్కయ్య ఒకసారి కోడలు చేసిన పులుసులో ఉప్పెక్కువైందని నాకు చెప్పబోయి కుటుంబం గ్రూపులో చెప్పింది. మనవడు పరుగున వచ్చి తొలగించాడు. ఏం తొలగించారని గ్రూపులో పదకొండు మంది అడిగారు. కోడలు మాత్రం అడగలేదు. ఆమె అప్పటికే వినేసింది, ఆ రాత్రి పులుసులో ఉప్పే వేయలేదట.