మా ఇంటి కార్టూన్ నేమ్‌ప్లేట్: బొమ్మలకు మంచి మార్కులు, షాపుకు కాదు

బెంగళూరు జయనగర్ ఫోర్త్ బ్లాక్ దగ్గర ఒక గిఫ్టు షాపులో కొత్త ఫ్లాట్‌కి కార్టూన్ నేమ్‌ప్లేట్ చేయించాం. ఐదుగురి బొమ్మలు, పైన ఇంటిపేరు, ధర 1,850 రూపాయలు. షాపు పేరు రాయను, కారణం కింద ఉంది.

వాట్సాప్‌లో ఫొటోలు పంపితే మొదటి డిజైన్ వచ్చింది. మొహాలు బాగా కుదిరాయి. మావారి బట్టతలైతే ఫొటోలో కన్నా బొమ్మలోనే నయం. గొడవంతా చేతుల దగ్గరే. మేం అడక్కుండానే మావారికి ల్యాప్‌టాప్, మామయ్యగారికి పేపరు, మావాడికి బ్యాటు, అత్తయ్యకీ నాకూ చెరో గరిటె!

"వంట చేశాను, కాదనను. కానీ రిటైరయ్యేదాకా బళ్ళో లెక్కలు చెప్పాను. నాకు సుద్దముక్క పెట్టమను" అన్నారు అత్తయ్య.

మామయ్యగారి కోరిక ఇంకోటి. హిందూపురంలో పెయింట్ల కొట్టు నడిపిన మనిషి. ఏషియన్ పెయింట్స్ ప్రకటనల్లో వచ్చిన 'గట్టు' అనే పిల్లాడి బొమ్మ అంటే ప్రాణం. నుదుటి మీద పడే జుట్టు, చేతిలో బ్రష్షు, రంగు డబ్బా. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన ఆ అల్లరి పిల్లాడు ప్రకటనల్లోంచి ఎప్పుడో పోయాడు గానీ ఈయన్ని మాత్రం వదల్లేదు. "నన్ను గట్టులా గీయమను" అన్నారు. డెబ్బై దాటాక నుదుటి మీదికి జుట్టెక్కడిదని మావారి నవ్వు. డిజైనర్ కుర్రాడిది మైసూరు. లక్ష్మణ్ పేరు వినగానే "మా ఊరాయనే మేడమ్" అని హుషారైపోయాడు. లక్ష్మణ్ కార్టూన్లలోని సామాన్యుడు కామన్ మ్యాన్‌ని జనం గళ్ళ కోటు చూసి గుర్తుపడతారు, జుట్టు చూసి కాదు, అని జుట్టు సంగతి వదిలేసి బ్రష్షూ డబ్బా పెట్టాడు. అచ్చం మామయ్యగారే!

నాకేం కావాలో వెంటనే తోచలేదు. ల్యాప్‌టాప్ నాకూ ఉంది, దాన్ని తలుపు మీద కూడా మోయడం ఎందుకు? చివరికి హెల్మెట్ పెట్టమన్నాను. రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటేవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు.

రంగు దగ్గర మాత్రం ఒళ్ళు మండింది. మా ఐదుగురివీ ఐదు ఛాయలు. బొమ్మలో అందరికీ ఒకటే గులాబీ తెలుపు. "కస్టమర్లకి అదే ఇష్టం" అన్నాడు ఓనరు. "ఫోన్‌లో బొటనవేలికే ఐదు ఛాయలున్నాయి కదా" అన్నాడు మావాడు. నిజమే, ఎమోజీలకు చర్మపు రంగులు 2015లో వచ్చాయి. చీర, ఆటో కూడా 2019లో చేరాయి. ఈయన దగ్గర ఇంకా ఒకటే రంగు. మా రంగు మాకు వేయడానికి 200 అదనంగా తీసుకున్నాడు.

ఇంటిపేరు తెలుగులో అడిగితే కన్నడ ఫాంట్‌లో వచ్చింది. "రెండూ ఒకటే కదా" అన్నారు. దగ్గరివే గానీ తలకట్టు పట్టిచ్చేస్తుంది. మీరే టైపు చేసి పీడీఎఫ్ పంపండి, లేదంటే వత్తులు కూడా విడిపోవచ్చు.

చెక్క కోత నున్నగా ఉంది, ప్రింటు బాగుంది. డిజైనర్‌కి ఐదుకి నాలుగున్నర, ఓనరుకి రెండు. వెనక అంటించుకోమని ఇచ్చే డబుల్ టేపును నమ్మకండి, మాది రెండో రోజే ఊడింది. డ్రిల్లింగ్ చేయించి స్క్రూలు బిగించుకోండి.