కుక్కకి ఏది మేలు: మామిడా, పుచ్చకాయా?

ఎండలు ముదిరాయంటే మా అపార్టుమెంటులో కుక్కలున్నవాళ్లంతా నన్ను అడిగేది ఒక్కటే. "మేం మామిడిపండు కోస్తే చాలు, ఎదురుగా కూర్చుని చొంగ కారుస్తుందండీ, ఒక ముక్క పెట్టొచ్చా?" పెట్టొచ్చు. మామిడి గుజ్జులో కుక్కకి విషమేమీ లేదు. అయినా మా బ్రౌనీకి మాత్రం నేను పుచ్చకాయే పెడతాను. ఎందుకో చెబుతాను.

మూడేళ్ల కిందట మే నెలలో ఒక రాత్రి మా ఇంట్లో అందరం బంగినపల్లి పళ్లు తిన్నాం. పిల్లలు చీకిన టెంకలు చెత్తబుట్టలో వేశాం. పొద్దున లేచేసరికి బుట్ట బోర్లా పడి ఉంది. తిన్నవి ఐదు పళ్లు, దొరికినవి నాలుగు టెంకలు. దానంతటదే బయటికి వచ్చేస్తుందిలే అనుకుని ఆగాం. అలా ఆగడమే మేం చేసిన తప్పు. మూడో రోజుకి బ్రౌనీ తిండి మానేసి, తాగిన నీళ్లు కూడా కక్కుకుంటూ మూలకి ముడుచుకుంది. టెంక పేగులో ఇరుక్కుపోయింది, పొట్ట కోసి తీయాల్సి వచ్చింది.

అందుకే ఏ పండు మంచిదని అడిగితే నేను ముందు గుజ్జు సంగతి చూడను, తిన్నాక ఏం మిగులుతుందో చూస్తాను. మామిడి టెంక మనం పారేశాక కూడా ఘుమఘుమలాడుతూనే ఉంటుంది. జారుడుగా ఉంటుంది కాబట్టి కుక్క నమలకుండానే మింగేయగలదు. పుచ్చకాయలో అలాంటిది లేదు. గింజలు ఏరేసి, పచ్చని తొక్క దాకా పోకుండా ఎర్ర కండ మట్టుకు ముక్కలు చేస్తే సరిపోతుంది. ఒకటి రెండు గింజలు పోయినా పెద్ద కుక్కకి ఏమీ కాదు. చిన్న జాతులకి మాత్రం జాగ్రత్తగా ఏరాలి. తొక్క గట్టిది, అరగదు, అది కూడా పేగుకి అడ్డం పడగలదు.

తీపి సంగతి చూసినా పుచ్చకాయదే పైచేయి. పది కిలోల కుక్కకి రోజుకి సుమారు 550 కేలరీలు కావాలనుకుందాం. అందులో చిరుతిళ్లన్నీ కలిపి పదో వంతు దాటకూడదు, అంటే 55. వంద గ్రాముల మామిడిలో 60 కేలరీలు, 14 గ్రాముల చక్కెర ఉంటాయి. అంతే పుచ్చకాయలో 30 కేలరీలు, 6 గ్రాముల చక్కెర. మిగిలినదంతా దాదాపు నీళ్లే. నాలుక బయట పెట్టి రొప్పడం తప్ప ఒళ్లు చల్లబరుచుకునే దారి పెద్దగా లేని ప్రాణికి, మన హైదరాబాద్ నలభై డిగ్రీల ఎండలో ఇంతకంటే ఏం కావాలి? రోడ్డు పక్కన ఉప్పు, చాట్ మసాలా చల్లి అమ్మే ముక్కలు మాత్రం వద్దు.

మామిడే పెడతానంటే తొక్క పూర్తిగా తీయండి. సొన తగిలితే మన మూతే పొక్కుతుంది కదా, కొన్ని కుక్కల మూతికీ అలా కావచ్చు. చక్కెర జబ్బున్న కుక్కకి, బరువెక్కిన కుక్కకి అసలు వద్దు.

అరటి, బొప్పాయి, దోర జామ, గింజలు తీసిన యాపిల్: కొంచెం కొంచెంగా అన్నీ పర్వాలేదు.

దసరా దాటాక పాలమూరు వైపు నుంచి బుట్టలకొద్దీ దిగే సీతాఫలం విషయంలో మాత్రం నాకు భయమే. దాని గింజల పొడితో మన అమ్మమ్మలు తలలో పేలు చంపేవాళ్లు. అంత ఘాటైన గింజని కుక్క కొరికి నమిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సపోటా గింజకి కొక్కెం ఉంటుంది, గొంతులో పట్టేస్తుంది.

ద్రాక్షని ఈ పోలికలోకే తేను. ఆకుపచ్చదైనా, నల్లదైనా, సేమ్యా పాయసంలో వేసిన కిస్‌మిస్ అయినా కుక్క కిడ్నీలని దెబ్బతీయగలదు. ఇన్ని తింటే ఫర్వాలేదు అనే లెక్క లేదు. ఒక కుక్క గుప్పెడు తిన్నా తట్టుకుంటుంది, ఇంకొకటి కొన్నిటికే పడిపోతుంది. దీనికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు గుర్తించారు. ఆ ఆమ్లమే మన చింతపండులో ద్రాక్షలో కన్నా చాలా ఎక్కువ. కాబట్టి వీధి కుక్కలకి ప్రేమగా పులిహోర, చారన్నం పెట్టేవాళ్లు దయచేసి ఆపండి. పెరుగన్నం పెట్టండి చాలు.

ద్రాక్ష గానీ టెంక గానీ మింగిందని తెలిస్తే, వాంతి కావాలని ఉప్పునీళ్లు పట్టించకండి, అదే ప్రాణం మీదికి తెస్తుంది. లక్షణాల కోసం చూడకుండా అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మా ఇంట్లో మామిడిపళ్లు ఆగలేదు. తిన్న వెంటనే టెంకలు లెక్కపెట్టి, కవర్లో ముడేసి ఫ్రిజ్‌లో పెడతాం. పొద్దున చెత్తబండి కూత వినబడ్డాకే అవి కిందికి దిగుతాయి.