జీఎంసీ సీసీకేడబ్ల్యూ మీటర్లకు డెకాల్ కిట్: ముద్రణకు పూర్తి మార్కులు, సూచనల కాగితానికి కాదు

రెండో ప్రపంచ యుద్ధ కాలపు జీఎంసీ సీసీకేడబ్ల్యూ రెండున్నర టన్నుల ట్రక్కు డాష్‌బోర్డు మీటర్లకు అంకెలు, గీతలు కొత్తగా వేసుకునే వాటర్‌స్లైడ్ డెకాల్ (నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి అతికించే పలుచని ముద్రిత ఫిల్ము) కిట్ ఇది. ముద్రణకు వంక పెట్టలేం. తెలుపు చిక్కగా ఉంది, కింద నలుపు తొంగిచూడదు. భూతద్దంతో చూసినా గీతల అంచులు చెదరలేదు.

లోపమంతా సూచనల కాగితంలోనే. మొదటి వాక్యంగా ఉండాల్సిన హెచ్చరిక అందులో లేనే లేదు. ఆ కాలపు మిలిటరీ డయళ్లలో కొన్నిటికి చీకట్లో వెలిగేందుకు వేసిన రేడియం పూత ఉంటుంది, అది రేడియోధార్మిక పదార్థం. రేడియం-226 అర్ధాయువు దాదాపు 1600 ఏళ్లు. దానితో కలిపిన, వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రం కొన్నేళ్లకే చెడిపోతుంది. అందుకే చీకట్లో వెలగకపోయినా రేడియం అలాగే ఉంటుంది. అంకెలు గోధుమరంగుకు తిరిగి, ఉబ్బెత్తుగా కనిపిస్తే అద్దం తీయకముందే రేడియేషన్‌ను పసిగట్టే గైగర్ కౌంటర్‌తో చూడాలి. అది స్పందిస్తే ఆ మీటరు తెరవొద్దు. గీకితే, సాండ్‌పేపర్ పెడితే లేచే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటి పని అనుమతి ఉన్నవాళ్లకే వదిలేయాలి.

రెండో లోపం, మీటరు పనిచేస్తుందో లేదో చూడమని చెప్పకుండా నేరుగా రంగు వేయమనడం. టెంపరేచర్ మీటరుకు సన్నగొట్టం చివర ఈథర్ నింపిన చిన్న లోహపు బల్బు ఉంటుంది. దాన్ని మరిగే నీళ్లలో పెడితే సముద్రమట్టం దగ్గర ముల్లు 212 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపాలి. అసలు కదలకపోతే సన్నగొట్టం ఎక్కడో చిట్లి ఈథర్ పోయిందన్నమాట. దాన్ని బాగుచేయాలంటే ఈథర్‌తోనే పనిచేసే కొత్త మెకానికల్ మీటరు ఒకటి తెచ్చి, దాని బల్బును ఐసు, ఉప్పు కలిపిన గిన్నెలో ముంచి ఉంచాలి. చల్లదనానికి ఈథర్ బల్బులోనే ద్రవంగా నిలుస్తుంది. అప్పుడు కొత్త మీటరు గొట్టం కోసి, చిన్న రాగి స్లీవ్ తొడిగి పాత మీటరు గొట్టానికి టంకం వేయాలి. ఈథర్ 35 డిగ్రీల సెల్సియస్ లోపే మరుగుతుంది, ఇట్టే అంటుకుంటుంది. మంట పనికిరాదు. వేడెక్కాక కరెంటు తీసేసిన సోల్డరింగ్ ఐరన్‌తో, గాలి ఆడేచోట చేయాలి.

ఫ్యూయల్ మీటరు ఆ కాలపు జనరల్ మోటార్స్ పద్ధతిలో 0 నుంచి 30 ఓముల సెండర్‌తో (ట్యాంకులో ఇంధన మట్టాన్ని మీటరుకు తెలిపే భాగం) నడుస్తుంది. సెండర్ వైరును బాడీకి తగిలిస్తే ఖాళీ, ఊడదీస్తే ఫుల్ దాటి చూపాలి. అలా చూపితే మీటరు మంచిదే, తప్పు సెండర్‌లోనో ట్యాంకు ఎర్తింగులోనో ఉంది. బండి 6 వోల్టులది, 12 వోల్టులతో పరీక్షిస్తే కాయిల్ కాలిపోవచ్చు.

స్పీడోమీటరు ముల్లు తీసేముందు దాన్ని ఆపే పిన్ను మీదుగా మెల్లగా ఎత్తి, స్ప్రింగు బిగువు లేకుండా ఎక్కడ నిలుస్తుందో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు లేకుండా తిరిగి బిగిస్తే ప్రతి రీడింగూ తప్పే. ముల్లు వణికితే ముందు కేబుల్ చూడాలి. గ్రీజు కింది మూడింట రెండు వంతులకే పూయాలి. పైదాకా పూస్తే మీటరులోకి ఎక్కి అయస్కాంతం పక్కనున్న కప్పును పట్టేస్తుంది.

ఇక డెకాల్. పాత డయల్‌ను 600 డీపీఐలో స్కాన్ చేశాకే రంగు తీయండి. మాట్ (మెరుపు లేని) నలుపు మీద నేరుగా అతికించమంటుంది సూచనల కాగితం. అది తప్పు. గరుకు ఉపరితలంలో గాలి చిక్కుకుని ఫిల్ము కింద వెండిరంగు మచ్చలు తేలతాయి. నలుపు మీద నిగనిగలాడే (గ్లాసీ) లాకర్ వేసి ఒక రోజు ఆరనివ్వాలి. డెకాల్‌ను గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం నానబెట్టి, మధ్య రంధ్రం ఆధారంగా జరిపి, మరో రోజు ఆరాక మాట్ క్లియర్ పలచగా, పొర తర్వాత పొరగా వేయాలి. ఒకేసారి తడిసేలా కొడితే ఫిల్ము ముడతలు పడుతుంది.

డయల్‌కు ఒక్క డెకాలే ఇచ్చారు. జరిపేటప్పుడు చిరిగితే అంతే, కాబట్టి రెండు షీట్లు తెప్పించుకోవడం మేలు. ముల్లుకు రంగు, అద్దం కింద గాస్కెట్ విడిగా కొనాలి. అద్దం చుట్టూ ఉన్న రింగు అంచును తిరిగి మడిచేటప్పుడు ఒకేచోట పూర్తిగా నొక్కొద్దు. చుట్టూ కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు తిప్పుతూ నొక్కితేనే రేకు చిట్లదు.