నాన్న టార్చికి ఎల్ఈడీ బల్బు వేయాలా, కొత్త లైటు కొనాలా?

"ఇంట్లో పాత మూడు సెల్లుల టార్చి ఉంది, వెలుగు చాలడం లేదు. బల్బు మార్చితే సరిపోతుందా, చార్జింగ్ లైటు కొనాలా?" చేనికి కావలి వెళ్లేవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. నాన్న వాడిన ఇత్తడి టార్చికి నేను కూడా ఈ మధ్యే బల్బు మార్చాను. ఆ పనిలో తెలిసిన సంగతులు చెబుతాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీకు కావలసింది ఎక్కువ వెలుగా, ఎక్కువ దూరమా? ఈ రెండూ ఒకటి కావు. డబ్బా మీద రాసే ల్యూమెన్లు లైటులోంచి వచ్చే మొత్తం వెలుగు లెక్క. అది ఎంత దూరం పోతుందో చెప్పేది క్యాండెలా, అంటే ఒకే దిక్కుకు వెలుగు ఎంత గట్టిగా పోతోందన్న లెక్క. టార్చి వెలుగు నిండు పున్నమి వెన్నెలంత పలుచబడే చోటును దాని దూరంగా లెక్కిస్తారు. ఆ లెక్కన 100 మీటర్లు పోవాలంటే 2,500 క్యాండెలాలు కావాలి. 200 మీటర్లకు ఏకంగా 10,000 కావాలి. దూరం రెండింతలు కావాలంటే బలం నాలుగింతలు పెరగాలన్నమాట.

పాత ఫిలమెంటు బల్బు 20 ల్యూమెన్లు ఇవ్వడమే గగనం. అయినా ఆ లైటు వేస్తే వెలుగు తాడు లాగినట్టు తిన్నగా పోయేది. ఫిలమెంటు చాలా చిన్నది, అది బల్బు చుట్టూ ఉండే గిన్నెలాంటి అద్దానికి (రిఫ్లెక్టరుకు) సరిగ్గా నాభి దగ్గర, అంటే వెలుగంతా ఒకే దారిన ముందుకు పోయేలా చేసే చోట, కూర్చుంటుంది. చుట్టూ చిమ్మే వెలుగును అద్దం పట్టుకుని ముందుకు తోస్తుంది. నా దృష్టిలో అసలు కీలకం ఇదే: వెలుగు పుట్టే చుక్క అద్దంలో ఎక్కడ ఉంది?

నేను మొదట 3 వాట్ల ఎల్ఈడీ బల్బు తెచ్చి వేశాను. వాకిట్లో వేస్తే పట్టపగలులా ఉంది, చాలా సంతోషపడ్డాను. ఆ రాత్రి చేనులో వేస్తే అవతలి గట్టు మీది వేపచెట్టు కనబడలేదు. పాత బల్బుకైతే అది కనబడేది. ఎల్ఈడీ వెలుగు ముందు వైపుకే చిమ్ముతుంది. పైగా ఆ బల్బులో వెలుగిచ్చే చిప్పు నాభిని దాటి ముందుకు పొడుచుకుని ఉంది. వెలుగులో చాలా భాగం అద్దాన్ని తాకకుండానే బయటికి పోయి చెదిరిపోయింది. ఐదు నిమిషాలు వెలిగేసరికి బల్బు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది కూడా. పాత టార్చిలో ఆ వేడి బయటికి పోయే దారి లేదు.

రెండోసారి 1 వాట్ బల్బు వేశాను. ఒకటే చిన్న చిప్పు, ఫిలమెంటు ఉండే ఎత్తులోనే ఉంది. మా టార్చి తల తిప్పితే ఫోకస్ మారుతుంది కాబట్టి మెల్లగా తిప్పుతూ దూరాన పడే వెలుగు వలయాన్ని చిన్నదిగా కుదించాను. వేపచెట్టు కొమ్మలతో సహా కనబడింది. పాత బల్బు తీసుకునే కరెంటులో సగమే దీనికి చాలు కాబట్టి సెల్లులు కూడా ఎక్కువ రోజులు వస్తున్నాయి.

బల్బు కొనేటప్పుడు దాని మీద రాసిన వోల్టేజి తప్పక చూడండి. మూడు సెల్లులు కొత్తవైతే 4.5 వోల్టులు, రెండైతే 3. తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి. అందుకే రెండు సెల్లుల టార్చిలో మామూలు ఎల్ఈడీ బల్బు కొన్నాళ్లకే మసకబారుతుంది. వోల్టేజి పెంచే సర్క్యూట్ లోపలే ఉన్న రకం అడగండి.

ఇక కొత్త లైట్లు. లిథియం సెల్లుతో, లోతైన అద్దంతో వచ్చే మంచి టార్చి దూరంలో పాతదాన్ని సులువుగా ఓడిస్తుంది. అందులో అనుమానం లేదు. రాత్రంతా అడవి పందులు చేనులో పడకుండా కావలి ఉండేవాళ్లు, 200 మీటర్ల అవతల కదలిక కనబడాలనుకునేవాళ్లు అదే కొనుక్కోవాలి. కానీ చార్జింగ్ అయిపోతే ఆ రాత్రికి అది పనికిరాదు. పాత టార్చికి వేసే పెద్ద సెల్లులైతే మా ఊరి కిరాణా కొట్లోనే దొరుకుతాయి. అందుకే నేను నాన్న టార్చి వైపే మొగ్గాను. మీ టార్చికి ఫోకస్ తిప్పే తల లేకపోతే మాత్రం నా సలహా మారుతుంది, కొత్తదే కొనండి.

చిన్న ఎల్ఈడీలు గుత్తిగా ఉండే ప్లాస్టిక్ లైట్లు ఇంట్లో కరెంటు పోయినప్పటికి చాలు. తలకు కట్టుకునే లైటు నీళ్లు కట్టేటప్పుడు, కాళ్ల దగ్గర పాము ఉందేమో చూసుకోవడానికి చాలా మంచిది. దూరానికి పనికిరాదు.

పాత లాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన సెల్లులు పాత టార్చిలో పెడుతున్నవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఒక్కోటి 3.7 వోల్టులు, మూడు కలిస్తే 11 దాటుతుంది. బల్బు కాలిపోవడం ఒక్కటే కాదు, ఆ సెల్లులకు నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఏం కొనకముందే స్ప్రింగుకూ మూత మరలకూ పట్టిన చిలుమును గరుకు కాగితంతో రుద్దేయండి. మా టార్చికి ఆ పనితోనే వెలుగు తేడా కనబడింది. బల్బు చుట్టూ ఉండే గిన్నె అద్దాన్ని మాత్రం వేలితో కూడా తుడవకండి, వెండిలా మెరిసే ఆ పూత గీతలు పడితే మళ్లీ రాదు. ఎల్ఈడీ బల్బు వేశాక వెలగకపోతే అది పాడైందని పారేయకండి. ఫిలమెంటు ఎటు నుంచి కరెంటు వచ్చినా వెలుగుతుంది, ఎల్ఈడీ ఒక వైపు నుంచే వెలుగుతుంది. సెల్లులన్నీ తిరగేసి వేసి చూడండి.