ఆటోమేటిక్ పికప్‌కి అదనపు ఆయిల్ కూలర్: నాలుగు బెజవాడ ఎండాకాలాల తర్వాత

బండి ఆరు గేర్ల ఆటోమేటిక్ డీజిల్ పికప్. దానికి బయట పెట్టించినవి రెండు: థర్మోస్టాట్ ఉన్న ప్లేట్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) కూలర్, గేర్‌బాక్స్ వేడిని ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ (బండి కంప్యూటర్ అంకెలు చదివే సాకెట్) అడాప్టర్. వాడకం నాలుగేళ్లు, 90 వేల కిలోమీటర్ల పైమాటే. విజయవాడ, గుంటూరు మధ్య రోజూ తిరుగుడు, సీజన్‌లో సొంత పంట మిర్చి టిక్కీలు, అప్పుడప్పుడు కోటప్పకొండ, కొండవీడు ఘాట్లు. పెట్టిన డబ్బుకి ఫలితం చూస్తే అడాప్టర్ మొదటిది, వేళకి ఆయిల్ మార్చడం రెండోది, కూలర్ మూడోది. చాలామంది మూడోదానితో మొదలుపెడతారు.

డాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు ఇంజిన్ కూలెంట్‌ది. గేర్‌బాక్స్ ఆయిల్ 115 డిగ్రీలు దాటినా ఆ ముల్లు కదలదు. వార్నింగ్ లైటు వెలిగే వేళకి ఆయిల్ అప్పటికే మాడటం మొదలవుతుంది. అడాప్టర్ కొనేటప్పుడు ఒక సంగతి: గేర్‌బాక్స్ వేడి మామూలు ఓబీడీ లిస్టులో రాదు, ఆ కంపెనీ బండికి సరిపోయే ప్రొఫైల్ యాప్‌లో ఉండాలి. మరీ చవక అడాప్టర్లు ఇంజిన్ అంకెలు చూపించి ఇక్కడ చేతులెత్తేస్తాయి. కొన్ని బండ్లలో రెండు అంకెలు వస్తాయి: టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) నుంచి వచ్చే ఆయిల్‌ది ఒకటి, కింద పాన్ (ఆయిల్ తొట్టి)లోది ఒకటి. లోడు పడ్డప్పుడు మొదటిదే ఎక్కువ, నిజం తొందరగా చెప్పేదీ అదే. రాత్రిళ్లు అడాప్టర్ పీకేయండి, బ్యాటరీ తాగుతుంది.

అంకెలు చూశాక తెలిసే మొదటి నిజం, వేడికి కారణం వేగం కాదని. టార్క్ కన్వర్టర్ పని కవ్వం లాంటిది. ఇంజిన్ ఒకవైపు ఆయిల్ చిలుకుతుంటే ఆ ఊపుకి రెండోవైపు తిరుగుతుంది. రెండు వైపుల వేగంలో తేడా ఎంతుంటే అంత శక్తి వేడిగా మారుతుంది. హైవే మీద లాకప్ క్లచ్ ఆ రెండు వైపుల్నీ కలిపి పట్టుకుంటే ఆ తేడా పోతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం గుంటూరు వైపు 90 మీద పోతున్నా ఇక్కడ కనిపించింది 84 నుంచి 90 డిగ్రీలే. అదే బండి లోడుతో, ఏసీతో మిర్చి యార్డు ముందు క్యూలో ‘డీ’ (డ్రైవ్)లో పెట్టి పాకుతూ ఉంటే అరగంటలోపు 110 తాకింది. కృష్ణ ఇసుకలో చక్రం కూరుకుని యాక్సిలరేటర్ తొక్కితే రెండు మూడు నిమిషాల్లోనే 120 దాటుతుంది. అక్కడ ముందే 4ఎల్ (ఫోర్‌వీల్ లో గేరు) వేసుకోండి. చక్రాలకి బలం గేర్ల నుంచి అందుతుంది కాబట్టి కన్వర్టర్ మీద భారం తగ్గుతుంది.

80 నుంచి 95 నిశ్చింత. లోడుతో 105 వరకు కంగారు లేదు. 110 దాటితే నడిపే తీరు మార్చాలి, 120 దగ్గర ఆపాలి. 130 పైన సీళ్లు గట్టిపడతాయి, ఆయిల్ వార్నిష్‌లా మారి వాల్వుల్లో అంటుకుంటుంది. 80 దాటాక ప్రతి పది పదకొండు డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందన్నది పాత మోటు లెక్క. మోటుదైనా రోహిణి కార్తెలో గుర్తుంచుకోదగ్గదే.

క్యూలో నిమిషం మించి ఆగితే హ్యాండ్‌బ్రేక్ వేసి ‘ఎన్’ (న్యూట్రల్)లో పెట్టాలి. డీలో ఉంచి బ్రేక్ తొక్కి నిలబడితే కన్వర్టర్ చిలుకుతూనే ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు డీలో వదిలేస్తే మూడు, నాలుగు గేర్ల మధ్య ఊగిసలాడుతూ లాకప్ వదిలేస్తుంది. మాన్యువల్ మోడ్‌లో రెండో మూడో పట్టి ఉంచితే పైకి చేరేసరికి పది డిగ్రీల దాకా తేడా కనిపించింది. పైన వెంటనే ఇంజిన్ కట్టేయొద్దు. ‘పీ’ (పార్క్)లో పెట్టి నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే పంపు ఆయిల్‌ని కూలర్ గుండా తిప్పుతుంది.

ఇక కూలర్. హైవేలో 8 నుంచి 10 డిగ్రీలు తగ్గించింది. క్యూలో మాత్రం నాలుగైదు డిగ్రీలే, ఎందుకంటే అక్కడ గాలి లేదు. అంటే ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ పనిచేస్తుంది. ఘాట్లు, లాంగ్ లోడు ఉన్నవాళ్లకి దండగ కాదు. ఊళ్లో తిరిగే బండికి మాత్రం అక్కర్లేదనే చెప్తాం.

పెట్టించేటప్పుడు ఆటోనగర్‌లో దగ్గరుండి చూడాల్సినవి ఉన్నాయి. ఆయిల్ ముందు రేడియేటర్ లోపలి కూలర్‌కి, ఆ తర్వాత కొత్త కూలర్‌కి వెళ్లాలి. హోస్ ఏటీఎఫ్‌కి రేటింగ్ ఉన్నదే కావాలి, డీజిల్ పైపు గానీ హీటర్ పైపు గానీ కొన్నాళ్లకి మెత్తబడి జారిపోతుంది. స్టీల్ పైపు కోసిన చోట అంచు ఉబ్బించి, ఒక్కో కొసకి రెండు క్లాంపులు వేయించండి. ఏసీ కండెన్సర్ రెక్కల్లోంచి ప్లాస్టిక్ టైలు గుచ్చి వేలాడదీస్తామంటే ఒప్పుకోవద్దు, అదురుకి కండెన్సర్ చిల్లుపడుతుంది. బ్రాకెట్ కొట్టించండి. వారంటీలో ఉన్న బండైతే పైపు కోయకముందే షోరూమ్‌లో అడిగి రాయించుకోండి.

గుంటూరు చుట్టుపక్కల తిరిగే బండికి ప్రత్యేకమైన తంటా దూది. జిన్నింగ్ మిల్లుల రోడ్లలో ఎగిరే పత్తి పింజ, మిర్చి దుమ్ము కలిసి కూలర్ రెక్కల్లో కంబళిలా పేరుకుంటాయి. సీజన్‌లో నెలకోసారి ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెజర్ నీళ్లతో కడగాలి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, తుమ్ములు ఆగవు.

ఆయిల్ దగ్గరికొస్తే, ‘లైఫ్‌టైమ్’ అన్న మాటని ఇక్కడి ఎండలో నమ్మలేం. ఎవరి లైఫో ఎవరూ చెప్పరు. 40 వేల కిలోమీటర్లకి మారుస్తున్నాం. తొమ్మిది పది లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో డ్రెయిన్ బోల్టు తీస్తే దిగేది మూడు, మూడున్నర లీటర్లే, మిగతాది కన్వర్టర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. అందుకే 500 కిలోమీటర్ల ఎడంతో మూడు విడతలు. ఒక్కో విడతలో మూడో వంతు మారుతుందనుకుంటే, మూడు అయ్యేసరికి సుమారు 70 శాతం కొత్తది. మెషిన్‌తో ఫ్లష్ చేస్తామంటారు, మేం చేయించలేదు. ఎన్నాళ్లుగానో ముట్టని గేర్‌బాక్స్‌లో అడుగు మడ్డి కదిలి వాల్వ్ బాడీ (ఆయిల్‌ని దారి మళ్లించి గేర్లు మార్చే భాగం)లోకి పోతే పని పెరుగుతుంది.

ముందు తెరవాల్సింది నింపే బోల్టు. అది బిగుసుకుపోయి రాకపోతే పని అక్కడే ఆపొచ్చు. డ్రెయిన్ ముందే తీసేశాక ఇది రాకపోతే ఆయిల్ లేని బండి మిగులుతుంది. దిగిన ఆయిల్‌ని కొలిచి అంతే పోయాలి. పాన్ విప్పితే మ్యాగ్నెట్ల మీద బూడిదరంగు పేస్టు మామూలే, సూదుల్లాంటి ముక్కలు, రేకులు ఉంటే కాదు. రంగు చూసి భయపడొద్దు, ఎరుపు తొందరగానే నల్లబడుతుంది. మాడు వాసన వస్తేనే ఆలోచించాలి. మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ ఆయిలే, బిల్లుతో కొనండి. ‘అన్నిటికీ ఒకటే’ డబ్బాలు, సీవీటీ (బెల్టుతో నడిచే వేరే రకం ఆటోమేటిక్) ఆయిల్ వద్దు.

ఎక్కువమంది చెడగొట్టేది లెవెల్ దగ్గర. ఈ రకం గేర్‌బాక్సులకి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) ఉండదు. బండి నేలకి సమాంతరంగా, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, గేరు లివర్‌ని ఒక్కో స్థానంలో కొన్ని సెకన్లు నిలిపి తిరిగి ‘పీ’ స్థానానికి తెచ్చి, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు ఓవర్‌ఫ్లో బోల్టు (లెవెల్‌కి మించిన ఆయిల్ కారిపోయేది) తీయాలి. ధార సన్నబడి చుక్కలుగా మారగానే కొత్త వాషర్‌తో మూసేయాలి. ఆ వేడి చాలా గేర్‌బాక్సుల్లో 35 నుంచి 45 డిగ్రీలు, మీ మాన్యువల్‌లో చూసుకోండి. మే నెల మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో బండి స్టార్ట్ చేయకముందే ఆయిల్ 42 దగ్గర ఉంటుంది! 65లో తీస్తే వ్యాకోచించిన ఆయిల్ అదనంగా కారిపోతుంది, చల్లారాక లెవెల్ తక్కువ. పంపు గాలి పీల్చి నురగ తెస్తుంది, మలుపుల్లో గేరు జారుతుంది, డీ వేశాక కదలడానికి రెండు క్షణాలు పడుతుంది. వేసవిలో ఈ పని పొద్దున ఆరింటికే పెట్టుకుని, ఫోన్‌లో అంకె చూస్తూ చేయించండి.

ప్రతి విడతలో రేడియేటర్ మూత కూడా ఒకసారి తీసి చూడండి, ఇంజిన్ చల్లారాకే. లోపలి కూలర్ తుప్పుపట్టి చిల్లుపడితే కూలెంట్, ఏటీఎఫ్ కలిసి రోజ్‌మిల్క్ రంగులోకి వస్తాయి. ఆ రంగు కనిపిస్తే బండి ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకుండా ట్రక్కు మీద ఎక్కించాలి, క్లచ్ ప్లేట్ల జిగురు ఆ నీళ్లకి ఊడిపోతుంది.

మా కూలర్ హోస్‌లు మూడో ఏడు గట్టిపడి, క్లాంపు దగ్గర చెమ్మ కనిపించింది. రెండూ మార్పించాం. కొత్తవి వేశాక వెయ్యి కిలోమీటర్లకి క్లాంపులు మళ్లీ ఒక అర చుట్టు పట్టాయి.